భయపడే బిడ్డకు మెట్లు కట్టండి



బడి రోజుల్లో కొన్ని ఇళ్లలో పొద్దున్నే ఒక పోరాటం మొదలవుతుంది. "అమ్మా, కడుపునొప్పి" అంటూ బిడ్డ మంచం దిగడు. ఊళ్లో ఆర్‌.ఎం.పి. సూది వేస్తాడు, పట్నంలో స్కానింగు తీస్తారు, ఏమీ కనబడదు. అప్పుడు మనలో కొందరం "దొంగ నొప్పి" అంటాం, కొందరం "గాలి సోకింది" అంటాం. మరికొందరం "నీకు విశ్వాసం చాలదు, ప్రార్థన చేసుకో" అంటాం. ఈ చివరి మాట భక్తిగా వినబడుతుంది గాని, బిడ్డను ఎక్కువగా గాయపరిచేది అదే. ఉన్న భయం చాలక, దేవుడు కూడా తన మీద కోపంగా ఉన్నాడన్న భయం వాడిలో చేరుతుంది.

దేవుడు మన శరీరంలో భయాన్ని కాపలా కుక్కలా ఉంచాడు. పాము కనబడితే మనల్ని వెనక్కి దూకించేది అదే. కొందరు పిల్లల్లో ఆ కుక్క గాలికి ఆకు కదిలినా మొరుగుతుంది. గుండె దడ, అరచేతుల్లో చెమట, కడుపులో తిప్పడం, నిద్ర పట్టకపోవడం, ఇవి నటన కావు. పరీక్షల ముందు, కొత్త హాస్టల్లో చేరినప్పుడు కొద్దిరోజుల భయం ఎవరికైనా సహజమే. అది వారాల తరబడి ఉండి బడిని, తిండిని, నిద్రను, ఆటను చెడగొడుతుంటే మాత్రం సహాయం వెదకాలి.

ఆ సహాయాన్నే థెరపీ అంటారు. అందులో మంత్రమూ లేదు, మాయా లేదు. 1924లో అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, కుందేలంటే హడలిపోయే మూడేళ్ల బాలుడి కథను ప్రచురించింది. బాలుడు తనకిష్టమైన తినుబండారం తింటుండగా బోనులోని కుందేలును దూరంగా ఉంచేవారు. రోజులు గడిచేకొద్దీ కొంచెం కొంచెం దగ్గరకు తెచ్చారు. చివరికి వాడు దాన్ని చేత్తో నిమిరాడు. నేటి చికిత్సకు కూడా ఈ పద్ధతే ఆయువుపట్టు.

ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి నలుగురిలో నోరు విప్పలేకపోతుందనుకుందాం. సైకాలజిస్టు మొదట ఆమెతోను, తల్లిదండ్రులతోను మాట్లాడతారు. శరీరం ఎందుకలా వణుకుతుందో వివరించి, నెమ్మదిగా ఊపిరి విడవడం నేర్పుతారు. "తడబడితే అందరూ నవ్వుతారు" అన్న ఆమె తలంపును పరీక్షకు పెడతారు: "మొన్న నీ స్నేహితురాలు తడబడినప్పుడు నువ్వు నవ్వావా?" తరువాత మెట్లు కడతారు. మొదటి మెట్టు, ఇంట్లో అమ్మకు ఒక వాక్యం చదివి వినిపించడం. రెండవది, కుటుంబ ప్రార్థనలో తాతయ్య, నాయనమ్మల ముందు చదవడం. మూడవది, ఆదివార బడిలో ఇద్దరు స్నేహితురాళ్ల ముందు. నాలుగవది, తరగతిలో టీచరును ఒక ప్రశ్న అడగడం. చివరిది, సంఘం ముందు నిలబడి చదవడం. భయం తగ్గేవరకు ఒకే మెట్టును పదే పదే ఎక్కుతారు, ఆ తరువాతే పై మెట్టు. సాధారణంగా వారానికొకసారి కూర్చుంటారు, సుమారు మూడు నెలలు పడుతుంది.

ఫలితం ఉంటుందా? 2008లో అమెరికాలో 7 నుండి 17 ఏళ్ల వయసున్న 488 మంది పిల్లలపై జరిగిన పరిశోధన ప్రచురితమైంది. పన్నెండు వారాల్లో ఇటువంటి థెరపీ మాత్రమే పొందినవారిలో నూటికి 60 మంది బాగా కోలుకున్నారు. థెరపీతో పాటు మందు కూడా తీసుకున్నవారిలో 81 మంది, ఉత్తుత్తి మాత్ర మింగినవారిలో 24 మంది కోలుకున్నారు. కాబట్టి డాక్టరు మందు రాస్తే జంకవద్దు, వారిని అడగకుండా మానవద్దు.

తల్లిదండ్రుల పని ఇందులో చాలా ఉంది. బిడ్డ ఏడ్చిన ప్రతిసారీ బడి మాన్పిస్తే ఆ పూటకు శాంతి దొరుకుతుంది గాని, మరునాటికి భయం బలుస్తుంది. అలాగని ఈడ్చుకెళ్లి తరగతిలో పడేస్తే నమ్మకం పోతుంది. "నీకు భయంగా ఉందని నాకు తెలుసు, ఈ చిన్న అడుగు మనం కలిసి వేద్దాం" అనండి. వేసిన అడుగును మెచ్చుకోండి, పక్కింటి పిల్లలతో పోల్చకండి. బడిలో ఎవరైనా కొడుతున్నారేమో, అసభ్యంగా ప్రవర్తిస్తున్నారేమో కూడా మెల్లగా అడగండి. అటువంటి కారణం ఉంటే ముందు దాన్ని ఆపాలి.

మొదటి రాజులు 19వ అధ్యాయం చదవండి. కర్మెలు మీద అగ్ని దింపిన ఏలీయాయే యెజెబెలుకు భయపడి పారిపోయి, చెట్టు క్రింద పడుకొని చావు కోరుకున్నాడు. దేవుడు అతనిని గద్దించలేదు. దూత రెండుసార్లు తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. అయితే చెట్టు క్రిందే ఉండిపొమ్మనీ అనలేదు. బలం ఇచ్చి, నలువది దినాల ప్రయాణం నడిపించాడు. భయపడిన బిడ్డకు కూడా మొదట ఆదరణ, తరువాత నడక కావాలి. చింతను గూర్చి పౌలు ఫిలిప్పీయులకు రాసిన మాటను పిల్లల మీద బెత్తంగా వాడకండి. బంధకాలలో ఉన్నవాడు తోటివారిని ఆదరించడానికి రాసిన మాట అది.

టెలీ మానస్ 14416 నంబరుకు రాత్రీపగలూ ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ప్రభుత్వ జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగాన్ని అడగండి. హైదరాబాదు ఎర్రగడ్డలోను, విశాఖపట్నంలోను ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పిల్లలకు ప్రత్యేక మానసిక వైద్య విభాగం ఉంది. బిడ్డ చావును గూర్చి మాట్లాడినా, తనను తాను గాయపరచుకున్నా ఒంటరిగా విడవక, పురుగుమందు డబ్బాలు అందకుండా దాచి, ఆ రోజే వైద్యుని దగ్గరకు తీసుకెళ్లండి.

ప్రార్థన మానవద్దు. ఆసుపత్రికి వెళ్లే బస్సులో కూడా ప్రార్థించండి. వైద్యుడైన లూకాను సువార్త సేవలో వాడుకొన్న ప్రభువు, మీ బిడ్డకు సహాయం చేసే చేతులను కూడా దీవించును గాక. ఆమేన్.