కొండంత ప్రయాణం, గోరంత పేరు

పోయిన వారం నా పూర్వ విద్యార్థిని ఒకామె మా ఇంటికి వచ్చింది. అనంతగిరి మండలంలో, బొర్రా గుహలకు కొంత దూరాన ఉన్న చిన్న ఊరు ఆమెది. డిగ్రీ పూర్తిచేసి, భువనగిరి కోట బండమీద రాళ్ళెక్కే విద్య నేర్చి, ఇప్పుడు ఆ విద్యను పిల్లలకు నేర్పేవారి దగ్గర సహాయకురాలిగా ఉంటోంది. వచ్చే జనవరిలో ఎనిమిదిమంది జట్టుతో థాయ్‌లాండ్ వెళ్ళాలనీ, క్రాబీ ప్రాంతంలో రైలే అనే సముద్రతీరాన నిలువుగా లేచిన సున్నపురాతి కొండలను తాళ్ళతో ఎక్కాలనీ ఆమె సంకల్పం. ప్రయాణ ప్రణాళికనంతా ఒక నోటుపుస్తకంలో రాసుకొచ్చి నా ముందు పెట్టింది.

పుస్తకం తిరగేస్తూ నేను అబ్బురపడ్డాను. పంచాంగం చూసి ముహూర్తం పెట్టే సిద్ధాంతికైనా అంత శ్రద్ధ ఉండదు. అక్కడ నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు తక్కువ గనుక జనవరి. రైలేకు రోడ్డు లేదు, ఆవ్‌నాంగ్ నుంచి పడవ మీద పోవాలి గనుక ఆ ఖర్చు వేరు. ఎక్కినవారిని తిరిగి నేలమీదికి దించాలంటే తాడు ఎక్కే ఎత్తుకు రెట్టింపు పైన ఉండాలి. పొరపాటున తాడు చాలకపోయినా పట్టు జారిపోకుండా దాని కొసన ముడి ఉండాలి. సముద్రపు గాలికి రాతిలో దిగగొట్టిన మామూలు ఉక్కు బోల్టులు లోలోపల తినేసుకుపోతాయి కాబట్టి టైటానియం బోల్టులున్న దారులనే ఎంచుకోవాలి. సాధారణ ప్రయాణ బీమాలు చాలావరకు ఇటువంటి సాహసాలకు వర్తించవు కాబట్టి వర్తించే బీమాను వెతుక్కోవాలి. ఇన్ని సంగతులు వరుసగా, అంకెలు వేసి రాసింది.

తెలుగు పండితుణ్ణి కదా, నా బుద్ధి ఊరుకోలేదు. "అమ్మా, ఈ హార్నెస్ అనేదాన్ని నడికట్టు అనకూడదా? కారబైనర్ అనేదాన్ని కొక్కెం అనకూడదా?" అన్నాను. మన బ్లాగు మిత్రులకు ఈ జబ్బు కొత్తది కాదు. పదాల తయారీలో మనం రాత్రులు మేలుకున్నవాళ్ళమే. ఆ పిల్ల నవ్వి, "ఇంట్లో ఏమన్నా ఫరవాలేదండీ మాస్టారూ. బండమీద ఉన్నప్పుడు మాత్రం పైనున్న మనిషికీ, కింద తాడు పట్టుకున్న మనిషికీ ఒకటే మాట ఉండాలండి. టేక్ అంటే తాడు బిగించాలి, స్లాక్ అంటే వదులివ్వాలి. ఒకరి మాట ఒకరికి అందకపోతే ప్రాణం పోతుందండి" అంది. భాషకు ప్రయోజనమేమిటో నలభై ఏళ్ళు పాఠం చెప్పిన నాకు, ఆ మాట ఒక్కటే పూర్తి పాఠమైంది.

ఆఖరి పుటలో రెండే పదాలున్నాయి: పాస్‌పోర్టు, పేరు. వాటి కింద ఏమీ రాయలేదు. ఆమె వచ్చిన పని అదే.

ఆధార్ కార్డులో ఆమె పేరు గురుబారి. పదో తరగతి ధ్రువపత్రంలో గురుభారతి. పుట్టిన తేదీలు కూడా రెండింటిలో వేరు. పాస్‌పోర్టు దరఖాస్తుకు ఇద్దరు మనుషులు పనికిరారు, ఒక్కరే కావాలి. "మాస్టారూ, రిజిస్టరులో మీరు రాసినదే కదండీ?" అని అడిగింది. అందులో నిష్ఠూరమేమీ లేదు. ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

అవును, నేను రాసినదే. ఆశ్రమ పాఠశాలలో ప్రవేశాల కాలం వచ్చిందంటే, చేతిరాత బాగుంటుందని రిజిస్టరు పని తెలుగు పండితుడికి అప్పగించేవారు. తల్లులు బిడ్డను ముందుకు తోసి పేరు చెప్పేవారు. అరకు ప్రాంతంలో ఆదివాసీ ఒరియా మాట్లాడే కుటుంబాలలో బిడ్డకు పుట్టిన వారాన్ని బట్టి పేరు పెట్టే ఆచారం ఉంది. సోమవారం పుడితే సోంబారి, గురువారం పుడితే గురుబారి. నేను ఆ పేర్లను విని, అవి పలకడం రాక పాడైన పేర్లని తలచి, నా విద్యనంతా వినియోగించి "సరిచేసేవాణ్ణి". గురుబారి నా కలం కింద గురుభారతి అయింది. గురువూ ఉన్నాడు, భారతీ ఉంది, ఎంత చక్కటి పేరు అని మురిసిపోయాను కూడా. ఆ తల్లికి చదువు రాదు. నేనేమి రాశానో ఆమెకు తెలియదు.

ఇక పుట్టిన తేదీ. తల్లి, "కంది పూత కాలంలో" అంటే, ఆ కాలాన్ని తేదీగా మార్చే ఓపిక ఎవరికీ లేదు. తరగతికి సరిపోయే వయస్సు వచ్చేలా వేళ్ళు లెక్కబెట్టి జూన్ నెలలో ఒక తేదీ వేసేవాళ్ళం. మా రిజిస్టరు ప్రకారం చూస్తే ఆ కొండల్లో పిల్లలు ఎక్కువగా బడులు తెరిచే నెలలోనే పుట్టారని శాస్త్రవేత్తలు పరిశోధన చేయవలసివస్తుంది.

ఇందులో నా తప్పు అజ్ఞానం కాదు. అజ్ఞానమైతే క్షమించవచ్చు. ప్రకృతి – వికృతులు పిల్లలకు వల్లెవేయించినవాణ్ణి నేను. ఒరియాలో గురువారాన్ని గురుబార అంటారు. మన వకారం అక్కడ బకారం కావడం ఆ భాష నడక. యాత్ర జాతర అయితే తద్భవమని మెచ్చుకుని మార్కులు వేసిన నేను, గురుబారిలో మాత్రం దోషం చూశాను. మన నోట మారితే వ్యాకరణం, వారి నోట మారితే అపభ్రంశం! 2004 ప్రాంతంలో ప్రభుత్వం ఆదివాసీ ఒరియా, కువి, కొండ, సవర మొదలైన ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక విద్యను ఆరంభించింది. వాచకాలలోకి ఆ భాషలు వచ్చాయి. నా రిజిస్టరులోకి మాత్రం ఆ భాషలోని ఒక్క పేరుకు ప్రవేశం దొరకలేదు.

ఇంకొక విడ్డూరం చెబుతాను. తూర్పు కనుమలలో విరివిగా కనిపించే రాతికి ఖోండలైట్ అని పేరు. 1902లో వాకర్ అనే భూవిజ్ఞాని, ఈ కొండలలో నివసించే ఖోండు ప్రజల పేరు మీదుగా ఆ రాతికి ఆ పేరు పెట్టాడు. ఎక్కడినుంచో వచ్చిన శాస్త్రజ్ఞుడు మనుషుల పేరును రాతికిచ్చి నిలబెట్టాడు. ఇక్కడే అన్నం తిన్న పండితుడు మనుషుల పేరును మనుషులకే లేకుండా చేశాడు.

కాగితం మీది పేరూ తేదీ కొండంత పనులకు ఎలా అడ్డుపడతాయో, ఎలా దారి ఇస్తాయో చెప్పడానికి మనకు గొప్ప ఉదాహరణ ఉంది. 2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు శిఖరం చేరిన సంగతి అందరికీ తెలిసిందే. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. పూర్ణది నిజామాబాదు జిల్లా పాకాల, ఆనంద్‌ది ఖమ్మం జిల్లా. శిఖరం మీది ఫొటో చూసి మనం చప్పట్లు కొట్టాం. దాని వెనుక ఉన్న ప్రణాళికను చూసినవారు తక్కువ. అప్పట్లో ఆ గురుకులాల కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ ఆలోచన, శేఖర్ బాబు శిక్షణ. మొదట భువనగిరి బండ, తరువాత డార్జిలింగులోని పర్వతారోహణ సంస్థ, ఆ తరువాత లడఖ్ చలి. ఒక్కొక్క మెట్టులో కొందరు ఆగిపోగా, చివరకు ఇద్దరు మిగిలారు. అప్పుడు వచ్చింది వయస్సు ప్రశ్న. నేపాల్ వైపునుంచి ఎక్కాలంటే పదహారేళ్ళు నిండాలి. పూర్ణకు పదమూడేళ్ళ పదకొండు నెలలు. అందుకని దారి టిబెట్ వైపుకు తిరిగింది. అదే ఏడాది ఏప్రిల్ 18న నేపాల్ వైపు ఖుంబూలో హిమపాతం విరుచుకుపడి పదహారుమంది నేపాలీ పనివారు మరణించారు. ఆ వైపు ఆరోహణలు ఆ ఏటికి దాదాపుగా ఆగిపోయాయి. పూర్ణ మాత్రం ఆ తరువాత ఖండానికొక శిఖరం చొప్పున ఏడింటినీ 2022 నాటికి పూర్తిచేసింది.

ఒక పిల్ల ఏ దేశంనుంచి ఎక్కాలో, ప్రపంచపు రికార్డులో ఏ వరుసలో నిలవాలో పుట్టిన తేదీ నిర్ణయించింది, చూశారా? అక్కడ నెలలు కూడా లెక్కే. మాబోటి పంతుళ్ళు వేళ్ళమీద లెక్కించి వేసిన తేదీతో అటువంటి గుమ్మం ముందు నిలబడే పిల్ల గతి ఏమిటి?

మన కొండల పాదాన ఉన్న మరొక బడి సంగతీ చెప్పాలి. విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక పాఠశాలలో చదివిన లెఫ్టినెంట్ ఉదయ్ భాస్కర్ రావు 1985లో ఎవరెస్టు మీద ప్రాణాలు విడిచారు. ఆయన స్ఫూర్తితో అదే బడిలో చదివిన నెల్లూరు జిల్లా కుర్రవాడు మల్లి మస్తాన్ బాబు పర్వతారోహకుడయ్యాడు. 2006లో అంటార్కిటికాతో మొదలుపెట్టి 172 రోజులలో ఏడు ఖండాల శిఖరాలూ ఎక్కాడు. ఏడు ఖండాల అనుమతులు, విమానాలు, ఋతువులు ఒకదాని వెనుక ఒకటి అందుకోవడం ఎక్కడంకన్నా తక్కువ పనేమీ కాదు. 2015లో ఆండీస్ పర్వతాలలో ఒంటరిగా వెళ్ళి ఆయన తిరిగి రాలేదు. ఎంత ప్రణాళిక వేసినా కొండ కొండే. బడిలో నిలిచిన ఒక పేరు మరొక పిల్లవాణ్ణి ప్రపంచం చివరిదాకా నడిపించింది. పేరుకు అంత బలం ఉంది.

"ఏజెన్సీలో గర్భిణులను ఇంకా డోలీలలో మోసుకొస్తున్నారు, రోడ్లు లేవు, ఈ పిల్లలకు విదేశాలలో రాళ్ళెక్కే సరదా ఏమిటి?" అని నా మిత్రుడొకాయన అన్నారు. డోలీ మోతలు నిజం, అవి పోవాలి. కానీ రోడ్డు పడేదాకా పిల్ల కలగనకూడదనే నియమం పట్నంలో పిల్లలకు మనం పెట్టడం లేదు. పైగా ఈ కొండలను ఎవరెవరో వచ్చి కొలిచారు. ఖనిజమని తవ్వబోయారు, కాలక్షేపమని చూసిపోయారు. బొర్రా ప్రాంతపు సున్నపురాతిని చూస్తూ పెరిగిన పిల్ల, సముద్రం అవతలి సున్నపురాతిని తన చేతులతో తడిమి, రాయి రాయికీ తేడా ఏమిటో తెలుసుకుని రావాలనుకుంటే అది సరదా మాత్రమే కాదు. ఈసారి కొలిచేది ఆమె.

ఇంతకూ ఆమె సమస్యకు కార్యాలయంలో ఒక ఉద్యోగి చెప్పిన ఉపాయం ఇది: పది ధ్రువపత్రం మార్పించడం కష్టం, ఆధార్‌లోనే గురుభారతి అని మార్పించుకో, త్వరగా తెములుతుంది. ఆయన మంచికే చెప్పాడు. నేనూ, "అలా చేయరాదా తల్లీ" అన్నాను. నా తప్పు నెలరోజులలో మాసిపోతుందన్న ఆశ కూడా అందులో ఉందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఆమె కొంతసేపు ఆలోచించి, "ఆ పేరుతో నన్ను మా ఊళ్ళో ఎవరూ పిలవరండి. బండమీద నేను జారినప్పుడు కిందనుంచి గురుబారీ అనే అరుస్తారు. గురుభారతీ అంటే వెంటనే తిరిగి చూస్తానో లేదో నాకే తెలీదండి" అంది.

నేనింక మాట్లాడలేదు. కాగితం తీసుకుని, ఈ రెండు పేర్లూ ఒక్కరివేననీ, తల్లి చెప్పిన పేరును మార్చి రాసినది నేనేననీ, తేదీ కూడా నా ఊహేననీ నా చేతిరాతతోనే రాసి సంతకం చేశాను. పదో తరగతి పత్రంలో పేరు దిద్దించడానికి ప్రమాణపత్రం, పత్రికా ప్రకటన అన్నీ జరగాలి. ఎంతకాలం పడుతుందో తెలియదు. జట్టులోని వారు తమ టిక్కెట్లు కొనుక్కుని, ఆమెకు ఒక చోటు ఉంచి ఎదురుచూస్తున్నారు. జనవరికి అందకపోవచ్చు. ఆమెకు ఆ సంగతి తెలుసు, తెలిసే ఆ దారి ఎంచుకుంది.

కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఏజెన్సీ పిల్లలను విదేశీ కొండలకు పంపాలనుకునే దాతలూ, శిక్షకులూ తాళ్ళూ బూట్లూ కొనకముందే, కనీసం ఏడాది ముందుగా, ప్రతి పిల్ల కాగితాలన్నీ ఒక్కచోట పరచి చూడండి. తల్లిదండ్రులకు ప్రమాదం గురించి చెప్పేటప్పుడు వారి భాషలో చెప్పండి. అర్థంకాని కాగితం మీద వేసిన వేలిముద్ర సమ్మతి కాదు. 2023 అక్టోబరు 1న గానీ ఆ తరువాత గానీ పుట్టిన బిడ్డలకు పాస్‌పోర్టు కావాలంటే పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రం ఒక్కటే ఆధారమని నిబంధన వచ్చింది. అంటే ఇకపై పంతులు ఊహించి వేసిన తేదీ కూడా చెల్లదు. గూడెంలో జరిగే ప్రతి పుట్టుకా వెంటనే నమోదు కావాలి. ఇక ఉపాధ్యాయ సోదరులకు ఒక్క మాట: తల్లి చెప్పిన పేరు చెప్పినట్టే రాయండి. రాసి, ఆమెకు చదివి వినిపించండి. అక్షరం అనుమానమైతే మళ్ళీ అడగండి. మనకు దిద్దే హక్కు వ్యాసాల మీదే ఉంది.

వెళ్ళేముందు ఆమె నోటుపుస్తకంలోని ఆఖరి పుటను నా వైపు తిప్పి, పేరు అన్న పదం కింద ఖాళీ చూపించి, "మీరే రాయండి మాస్టారూ, మీ దస్తూరీ బాగుంటుంది" అంది. ఈసారి ఆమె చెప్పినట్టే రాశాను, నాలుగక్షరాలు. రాసి, పైకి చదివి వినిపించాను. సరిగ్గానే ఉందంది.