చెక్క వెనక కొసన కూర్చునేదెవరు?

పిల్లలూ! ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. శ్రీకాకుళం జిల్లాలో తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి రాసింది. ఆమె సైన్యంలో ఆఫీసరు కావాలనుకుంటున్నదట. "కాని నా గొంతు చిన్నది. మా క్లాసు లీడరు అరిస్తే రెండు వీధుల అవతలికి వినిపిస్తుంది. నేను పిలిస్తే పక్క బెంచీవాళ్లు కూడా తల తిప్పరు. నలుగురిని నడిపించే లక్షణం పుట్టుకతోనే రావాలని మా అన్నయ్య అంటాడు. నిజమేనా?" అని అడిగింది. ఆ కిందనే వాళ్ల నాన్నగారు మరొక ముక్క చేర్చారు: "ఏ కోచింగులో చేర్పిస్తే ఆ లక్షణం వస్తుందో తెలుపగలరు."

ఇద్దరికీ కలిపి ఇక్కడే జవాబు చెబుతాను. అయితే సైన్యంవారు ఆఫీసరులో ఏం చూస్తారో తెలియాలంటే, వాళ్లు పరీక్ష పెట్టే మైదానానికి ఒకసారి వెళ్లి రావాలి. పదండి.

పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో నేషనల్ డిఫెన్స్ అకాడమీ ఉన్నది. సైన్యానికీ, నౌకాదళానికీ, వైమానికదళానికీ కాబోయే ఆఫీసర్లు మూడేళ్లు అక్కడ కలిసి చదువుకుంటారు. అందులో చేరాలంటే పదహారున్నర, పందొమ్మిదిన్నర ఏళ్ల మధ్య వయసుండాలి. ఇంటరు చదువుతూ ఉండగానే పరీక్ష రాయవచ్చు. రాతపరీక్షకు 900 మార్కులు. లెక్కలకు 300, తక్కినవాటన్నిటికీ కలిపి 600. అది నెగ్గినవాళ్లను సర్వీసెస్ సెలక్షన్ బోర్డు పిలుస్తుంది. దానికి కూడా సరిగ్గా 900 మార్కులే! పుస్తకానికి ఎంత విలువ ఇచ్చారో, మనిషికీ అంతే ఇచ్చారన్నమాట.

బోర్డువారి దగ్గర పరీక్షలు ఐదు రోజులు సాగుతాయి. మొదటిరోజు వడపోతలోనే చాలామంది ఇంటిదారి పడతారు. మిగిలినవాళ్లకు అంకెలు వేసిన చొక్కాతొడుగులు ఇస్తారు. ఆ క్షణంనుంచి వాళ్లకు పేర్లుండవు, అంకెలే. ఎవరి కొడుకు, ఎవరి కూతురు అన్న ప్రసక్తి లేదు.

ఇక మైదానం చూడండి. ఎనిమిదిమంది కుర్రవాళ్లు ఒక గట్టుమీద నిలబడి ఉన్నారు. తొమ్మిదడుగుల అవతల మరొక గట్టున్నది. మధ్యనున్న నేల అంతా నిషిద్ధం. కాలు మోపితే తప్పు. ఎర్రరంగు పూసిన చోటు దేన్నీ తాకకూడదు. వాళ్లకిచ్చిన సామానల్లా ఒక చెక్కపలక, ఒక వాసం, ఒక మోకు. పైగా ఒక బరువైన మూట కూడా అవతలికి చేర్చాలి. చెక్కనూ వాసాన్నీ కలిపికట్టి పొడుగు చేసుకోవడానికి వీల్లేదు. ఆఫీసరు నియమాలన్నీ చెప్పి, "ఇక కానివ్వండి," అని పక్కకు తప్పుకుంటాడు. "నాయకుడెవరండీ?" అని అడిగితే ఆయన జవాబు చెప్పడు. ఎందుకంటే నాయకుణ్ణి నియమించకపోవడమే ఆ పరీక్షలోని కిటుకు.

ఈ కిటుకు ఎక్కడినుంచి వచ్చిందో చెప్పుకోవాలి. రెండో ప్రపంచయుద్ధం మొదట్లో ఇంగ్లండువారు ఆఫీసర్లను కాసేపు మాట్లాడించి ఎంచేవారు. ఏ బడిలో చదివాడు, ఎలాంటి ఉచ్చారణ, ఎవరి బిడ్డ అన్నవి చూసేవారు. అలా ఎంచినవాళ్లలో ఎందరో శిక్షణలోనే చతికిలబడ్డారు. అంచేత 1942లో కొత్త బోర్డులు పెట్టారు. వాటిలో పనిచేసిన విల్‌ఫ్రెడ్ బయాన్ అనే మనోవైద్యుడు ఈ నాయకుడు లేని పరీక్షను కల్పించాడు. ఆయన ఊరికే కుర్చీలో కూర్చున్న వైద్యుడు కాదు. 1917లో కాంబ్రే యుద్ధంలో టాంకు నడిపి పతకం సంపాదించినవాడు. కొందరిని కలిపి ఒక పని ఇచ్చి, నాయకుణ్ణి మటుకు ఇవ్వకుండా వదిలేస్తే, ఒక్కొక్కడి మనసులోనూ రెండు కోరికలు పెనుగులాడతాయి. తాను మెప్పు పొందాలన్నది ఒకటి, పని జరగాలన్నది రెండోది. ఏది నెగ్గుతుందో చూస్తే చాలునని ఆయన ఆలోచన. మన దేశంలో ఇలాంటి బోర్డు 1943లో డెహ్రాడూన్‌లో వెలసింది. స్వతంత్రం వచ్చాక కూడా మనవాళ్లు ఈ పద్ధతిని ఉంచుకున్నారు.

సరే, మన గట్టుమీదికి వద్దాం. మూడో నంబరువాడు వెంటనే, "చెక్క ఇలా తెండి! వాసం అలా పెట్టండి!" అని కేకలు మొదలుపెట్టాడనుకోండి. ఐదో నంబరువాడు బలశాలి. ఎవరికీ చెప్పకుండా చెక్క తీసుకుని ఐదడుగులు బయటికి చాపి, తానే దానిమీదికి ఎక్కబోయాడు. చెక్క కాస్తా తిరగబడింది! ఏడో నంబరువాడు బక్కపలచగా ఉన్నాడు. వాడు ఒక్క నిమిషం చెక్కవంక చూసి, "మూడడుగులే చాపుదాం. ఈ వెనక కొసన నేను కూర్చుంటాను. నువ్వు ముందుకు వెళ్లు," అన్నాడు.

ఇందులో ఉన్న లెక్క మీకు తెలియనిది కాదు. పొలాల్లో ఏతం తొక్కడం మీ తాతగారు చూసే ఉంటారు. అడగండి, చెబుతారు. గట్టు అంచునుంచి మనిషి ఎంత దూరంలో ఉంటే, అతని బరువు అన్ని రెట్లు పనిచేస్తుంది. చెక్క పొడవు 8 అడుగులనుకోండి. 3 అడుగులు బయటికీ, 5 అడుగులు లోపలికీ ఉన్నాయి. బయటి కొసన 60 కిలోల ఐదో నంబరువాడు నిలబడితే, 60ని 3తో హెచ్చవేయగా 180. లోపలి కొసన 45 కిలోల ఏడో నంబరువాడు కూర్చుంటే, 45ని 5తో హెచ్చవేయగా 225. బక్కవాడు బలశాలిని మోసేశాడు! అదే 5 అడుగులు బయటికి చాపితే 60 అయిదులు 300 అవుతుంది. లోపల మిగిలింది 3 అడుగులే గనక ఆ బక్కవాడి బలం 135. అలాంటివాళ్లు ఇద్దరు కూర్చున్నా 270 దాటదు. దీనికి తోడు చెక్క బరువు కూడా బయటివైపే లాగుతుంది. ముగ్గురుంటే తప్ప నిలవదు.

ఇంట్లో చేసి చూడాలనుంటే అడుగు స్కేలు తీసుకుని, దాని నడిమి కింద పెన్సిలు పెట్టండి. ఒకవైపు చివర ఒక రూపాయి బిళ్ల ఉంచి, రెండోవైపు సగం దూరంలో రెండు బిళ్లలు ఉంచండి. స్కేలు నిలుస్తుంది. స్కేలుతోనే చేయండి. నిజం చెక్కలు పట్టుకుని నూతిగట్టు దగ్గరికి వెళ్లారంటే మీ అమ్మ నన్ను తిడుతుంది!

చెక్క కొసనుంచి అవతలి గట్టుకు ఇంకా 6 అడుగులున్నది. అక్కడ వాసాన్ని ఆనించుకుని ఐదో నంబరువాడు దాటాడు. తర్వాత తక్కినవాళ్లు, మూట, అందరూ దాటారు. ఇంతసేపూ ఏడో నంబరువాడు వెనక కొసనుంచి కదలలేదు. కదిలితే ముందున్నవాడు పడతాడు. చివరికి వాడొక్కడే ఇవతల మిగిలాడు. ఇప్పుడెలా? వాడు మోకును చెక్కకు కట్టి అవతలికి విసిరాడు. వాళ్లు చెక్కను తమవైపు లాక్కుని, వెనక కొసమీద ఇద్దరు కూర్చుని, ఇటువైపు మూడడుగులు చాపారు. అంతదాకా వాడు వాళ్లను మోశాడు, ఇప్పుడు వాళ్లు వాణ్ణి మోస్తున్నారు. ఆఫీసరు దూరంగా నిలబడి కాగితంమీద ఏదో రాసుకున్నాడు. ఏం రాసుకున్నాడో మనకు చూపించడు గాని, అరిచినవాడి అరుపు మార్కులు తెచ్చిపెట్టదని మటుకు మనం ఊహించవచ్చు.

అలాగని నోరు మూసుకుని కూర్చోమని కాదు. ఏడో నంబరువాడు తన ఆలోచన చెప్పాడు, అందరికీ అర్థమయ్యేలా చెప్పాడు. చెప్పకపోతే ఆ ఆలోచన వాడి బుర్రలోనే ఉండిపోయేది. మరొక పరీక్షలో ఒక్కొక్కరినీ మూడు నిమిషాలు ఉపన్యసించమంటారు. విషయం తెలిసిన తర్వాత సిద్ధం కావడానికి ఇచ్చేదీ మూడు నిమిషాలే. గొంతు చిన్నదైనా ఫరవాలేదు, మాట తెలియాలి. అమ్మాయీ, నువ్వు రోజూ ఇంట్లో వార్తాపత్రికలోని ఒక సంగతిని నాయనమ్మకు మూడు నిమిషాల్లో అర్థమయ్యేలా చెప్పి చూడు. అర్థం కాకపోతే ఆవిడ మొహమాటపడకుండా చెప్పేస్తుంది. అంతకంటె మంచి పరీక్షాధికారి దొరకడు.

ఇంకొక పరీక్షలో ఒక్కొక్కరినీ నాయకుడుగా నియమించి, సాయానికి ఇద్దరిని తోటివాళ్లలోనుంచి ఎంచుకోమంటారు. నాకు అన్నిటికన్నా ఇదే ముచ్చటగా తోస్తుంది. మూడు రోజులు కలిసి తిరిగినవాళ్లలో నిన్ను ఎందరు పిలుస్తారో అక్కడ తేలిపోతుంది. అడిగి పిలిపించుకోవడం కుదరదు.

ఇక నాన్నగారికి. కోచింగులో పరీక్ష తీరు తెలుస్తుంది. దానివల్ల బెరుకు పోతే మంచిదే. కాని ఈ బోర్డులో ముగ్గురు వేరు వేరుగా చూస్తారు. ఒకరు మానసిక శాస్త్రజ్ఞులు, పిల్లవాడు రాసిన కథలూ జవాబులూ చదువుతారు. ఒక్కొక్క మాటకు పదిహేను సెకండ్ల చొప్పున అరవై మాటలకు తోచింది రాయించేది వీరే. రెండోవారు మైదానంలో చూస్తారు. మూడోవారు ఎదుట కూర్చోబెట్టుకుని మాట్లాడతారు. చివరిరోజున ముగ్గురూ కలుస్తారు. బట్టీపట్టిన ధైర్యం కాగితంమీద ఉండి, మైదానంలో లేకపోతే, ఆ తేడా అక్కడ బయటపడుతుంది. వాళ్లు వెతికే 15 గుణాలలో సహకారం, బాధ్యత, త్వరగా నిర్ణయించగలగడం వంటివి ఉన్నాయి. ఇవి పదమూడో ఏటనుంచి మీ ఇంట్లోనే పెరగాలి.

అమ్మాయిని సంతకు పంపండి. ఏం కొనాలో మీరు చెప్పకండి, ఇంటికి వారానికి ఏం కావాలో చెప్పి డబ్బివ్వండి. వంకాయలు పుచ్చులు తెస్తే ఆ వారం పుచ్చులు ఏరుకుని తినండి. కార్తీకమాసంలో బడివాళ్ల వనభోజనాలకు ముప్ఫైమందికి ఏర్పాట్లు చేసే పని ఆమెకు అప్పగించమని మాస్టారిని అడగండి. బియ్యం సరిపోవు, ఒకడి కాలికి ముల్లు గుచ్చుకుంటుంది, బస్సు ఆలస్యమవుతుంది, ఇవన్నీ ఒక్కసారే వచ్చిపడతాయి. ఎవరిని ఎక్కడికి పంపాలి? బోర్డువారు కూడా ఒక నమూనా ఊరును చూపించి, సరిగ్గా ఇలాంటి చిక్కులే నాలుగైదు ఒక్కసారి తెచ్చిపెట్టి, ఎనిమిదిమందితో ఎలా సర్దుతావని అడుగుతారు.

బడిలో ఎన్.సి.సి. ఉంటే చేరవచ్చు. ఇలాంటి చదువుకే పెట్టిన సైనిక పాఠశాలలు కూడా ఉన్నాయి. మన తెలుగునాట విజయనగరం దగ్గర కోరుకొండలో 1962లో ఒకటి, చిత్తూరువైపు కలికిరిలో 2014లో మరొకటి వెలిశాయి. ఆరో తరగతిలోనూ తొమ్మిదో తరగతిలోనూ చేర్చుకుంటారు. సూర్యాపేట వాడైన కర్నల్ సంతోష్‌బాబు కోరుకొండలో చదివి, అక్కడినుంచి ఖడక్‌వాస్లా వెళ్లాడు. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో తన పటాలానికి ముందుండి పోరాడుతూ ప్రాణాలిచ్చాడు. మరుసటి ఏడు మహావీరచక్ర ప్రకటించారు. మైదానంలో ఏడో నంబరువాడు వెనక ఉండిపోయాడు, ఇక్కడ ఈయన ముందు నిలిచాడు. చూడటానికి రెండూ ఎదురెదురుగా కనిపిస్తాయి. డెహ్రాడూన్ మిలిటరీ అకాడమీలో చెట్‌వుడ్ హాలు అని ఒకటున్నది. 1932లో ఆ అకాడమీని ప్రారంభిస్తూ చెట్‌వుడ్ అనే సేనాని చెప్పిన మాటలు అక్కడ చెక్కి ఉన్నాయి. వాటి భావం ఇది: మొదట దేశం, తర్వాత నీ కింద పనిచేసేవాళ్లు, నీ సుఖం ఎప్పుడూ చివరనే. చెక్కమీదా లోయలోనూ జరిగింది ఇదే.

అమ్మాయి ఉత్తరంలో అడగలేదు గాని, మనసులో ఉండే ఉంటుంది: ఆడపిల్లలను తీసుకుంటారా? తీసుకుంటారు. 2021లో సుప్రీంకోర్టు ఆదేశం తర్వాత, 2022లో మొదటి ఆడపిల్లలు ఖడక్‌వాస్లాలో చేరారు. 2025 మే నెలలో 17మంది అక్కడ చదువు ముగించుకుని బయటికి వచ్చారు. ఒకమాట మటుకు ముందే చెప్పాలి. బోర్డుకు వెళ్లినవాళ్లలో ఎక్కువమంది ఆ మొదటిసారి తిరిగివచ్చేస్తారు. వయసు ఉన్నంతవరకు మళ్లీ వెళ్లవచ్చు. రెండోసారో మూడోసారో నెగ్గినవాళ్లు ఆఫీసర్లలో ఎందరో ఉన్నారు.

ఇక ఈ నెల లెక్క. 8 అడుగుల చెక్కను గట్టుమీద సరిగ్గా సగానికి ఉంచారు. 40 కిలోల కుర్రవాడు బయటి కొసదాకా వెళ్లాలి. లోపల కూర్చోవడానికి 30 కిలోలవాళ్లు ఇద్దరున్నారు. ఒకడు లోపలి కొసన కూర్చున్నాడు. చెక్క తిరగబడకుండా ఉండాలంటే రెండోవాడు గట్టు అంచుకు కనీసం ఎంత దూరంలో కూర్చోవాలి? అడుగులూ అంగుళాలూ కట్టి, కార్డుమీద రాసి పంపండి. జవాబు వచ్చే నెల.