ముందు లెక్క, పిమ్మట యంత్రము

మన ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములలోనికి కంప్యూటరు వచ్చుచున్నది. అప్పులు, వాటాధనము, డిపాజిట్లు, ఎరువుల నిలువ మున్నగు లెక్కలన్నిటిని ఒక్కచోట నిలిపి, ఒక పద్దు వ్రాసినంతనే తక్కిన లెక్కలను తానే సవరించుకొను సాఫ్ట్‌వేరును ఈ.ఆర్.పి. యందురు. ఎరువు బస్తా యొకటి అరువున ఇచ్చినయెడల గిడ్డంగి నిలువ తగ్గుటయు, సభ్యుని బాకీ పెరుగుటయు ఒక్క వ్రాతతోనే జరుగును.

2022 జూన్ 29వ తేదీన కేంద్ర ప్రభుత్వము 63,000 సంఘములను ఇట్లు ఉమ్మడి సాఫ్ట్‌వేరు క్రిందికి తెచ్చుటకు 2,516 కోట్ల రూపాయల పథకము నామోదించెను. సంఘ మొక్కింటికి సగటున సుమారు 4 లక్షలు పడుచున్నది. ఎవరికి వారు వేర్వేరుగ చేయించుకొనుటకంటె ఇది మేలు. ఎరువులను కలసి కొన్న చౌక యని యెరిగిన రైతులకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

అయినను పని యేల ఆలస్యమగును? ఖర్చేల పెరుగును? దోషము యంత్రమునందు కంటె మన పుస్తకములయందే హెచ్చుగా నున్నదని మా యభిప్రాయము. మే మెరిగిన యొక సంఘమున వాటాధనపు ఆవర్జాలోని మొత్తమునకును సాధారణ ఆవర్జాలోని మొత్తమునకును పొత్తు కుదరలేదు. ఆ భేదము వెదకుటలోనే మూడు మాసములు గడచెను. యంత్రము మూల కూర్చుండెను. గుమాస్తాలు రెండు విధముల లెక్కలు వ్రాయుచు విసిగిరి. దుక్కి చేయని నేలలో మేలి విత్తనము చల్లి మొలవలేదని విత్తనమును నిందించుట న్యాయమా?

కాన సంఘములు మూడు పనులు చేయవలయును. మొదటిది: మార్చి 31 వంటి యొక తేదీని నిర్ణయించి, ఆనాటి నిలువలను సరిచూచి, జీవముగల ఖాతాలను మాత్రమే ముందుగా ఎక్కింపవలెను. ఎన్నడో తీరిపోయిన అప్పుల చరిత్ర పాత పుస్తకములలోనే భద్రముగ నుండవచ్చును. రెండవది: “మా యూరి పద్ధతి వేరు” అని ప్రతి ఫారమునకును మార్పు కోరరాదు. ప్రతి మార్పునకును కాలమును ధనమును వెచ్చింపవలెను. చట్టము గాని, పంటకాలమును బట్టి యేర్పడిన వాయిదా గాని కోరినచోట పట్టుపట్టవలసినదే. తక్కినచోట్ల మన యలవాటునే మార్చుకొనుట చౌక. మూడవది: కార్యదర్శి యొక్కనికే గాక మరియొకనికి గూడ పని నేర్పి, పాత చిట్టా వ్రాతను నిలుపు దినమును ముందే ప్రకటింపవలెను. రెండు లెక్కలను కొంతకాలము పోల్చి చూచుట వివేకము; అంతులేక రెండును వ్రాయుట దుబారా.

“ఇది కార్యదర్శి పని, మాకేమి?” అని కొందరు సభ్యు లనుచున్నారు. సోదరులారా, మీకే కావలసినది! పుస్తకమున తప్పుగ నున్న బాకీ యంత్రమున నెక్కినయెడల దానిపై వడ్డీ తప్పక పెరుగుచునే యుండును. అచ్చు కాగితముపై వచ్చిన యంకెను చూచి అందరును నిజమని నమ్ముదురు. చదువురాని ముసలి రైతు ఆ కాగితముతో వాదింపగలడా?

అందువలన నిలువల నెక్కించుటకు ముందు ప్రతి గ్రామమునను సభ్యుల బాకీల జాబితాను బహిరంగముగ చదివి వినిపింపవలెననియు, ప్రతి సభ్యుడును పాసుపుస్తకము తెచ్చి సరిచూచుకొని సంతకము గాని వ్రేలిముద్ర గాని చేయవలెననియు మేము కోరుచున్నాము. ఇందువలన ఆలస్యమగునని పాలకవర్గములు జంకనక్కరలేదు. ముందు వారము దినములు వెచ్చించినవారు పిమ్మట మాసములు మిగుల్చుకొందురు.

రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ ప్రశ్న నడుగుడు: “మా నిలువలను ఎవరు, ఎప్పుడు సరిచూచిరి?” ఉత్తరము దొరకువరకు కూర్చుండకుడు.