తెలుగు సినిమా సరే, ఎవరి తెలుగు?

2023 జనవరిలో అమెరికాలో ‘ఆర్ఆర్ఆర్’ ప్రదర్శన దగ్గర రాజమౌళి ఒక మాట స్పష్టంగా చెప్పారు. ఇది బాలీవుడ్ సినిమా కాదు, దక్షిణ భారతం నుంచి వచ్చిన తెలుగు సినిమా అని. రెండు నెలలకే ఆస్కార్ వేదిక మీద వ్యాఖ్యాత దాన్ని మళ్లీ బాలీవుడ్ ఖాతాలో వేసేశాడు. ఇక్కడ సోషల్ మీడియా భగ్గుమంది.

ఆ కోపం న్యాయమే. హిందీ సినిమా ‘ఇండియన్ సినిమా’, మిగతావన్నీ ‘ప్రాంతీయ సినిమా’. ఈ ఏర్పాటు మనకు కొత్త కాదు: మధ్యలో ఊరు, అవతల వాడ. హిందీ కూడా కొన్ని ప్రాంతాల భాషే, అయినా దాన్ని ఎవరూ ప్రాంతీయం అనరు. పోనీ ‘టాలీవుడ్’ అందామా అంటే అదీ మనది కాదు. 1932లో విల్‌ఫోర్డ్ డెమింగ్ అనే అమెరికన్ ఇంజినీర్ కలకత్తా టాలీగంజ్ స్టూడియోలను ఉద్దేశించి వాడిన మాట అది. బెంగాలీల చొక్కా మనం తొడుక్కున్నాం. తెలుగు సినిమా అంటే చాలు.

కానీ ఆ గొడవలో ఇంకో ప్రశ్న వెనక్కి పోయింది. ఆ సినిమా ఇద్దరు హీరోల్లో ఒకరు కొమురం భీం. గోండు బిడ్డ. జల్, జంగల్, జమీన్ అంటూ నిజాం సర్కారు మీద పోరాడి 1940లో జోడేఘాట్‌లో అమరుడయ్యాడు. చాందాలో విఠోబా అనే పత్రికాయన దగ్గర చదువు నేర్చుకున్నాడని ఆయన జీవితకథలు చెబుతాయి. మరి సినిమాలో? ఏం కావాలో కోరుకో అంటే రాముడిని చదువు అడుగుతాడు. ఆ నినాదాన్ని జెండా మీద రాసే చెయ్యి కూడా రాముడిదే! అక్షరం వచ్చిన గోండును అక్షరం కోసం చేయి చాచేవాడిగా చేసి, దాన్ని ప్రపంచమంతా తిప్పి, ఇది మా తెలుగు సినిమా అని గర్వపడ్డాం.

గోండి మాట్లాడేవాళ్లు 2011 లెక్కల్లో దాదాపు 30 లక్షల మంది. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో ఆ భాష లేదు. జాతీయ సినిమా అవార్డుల్లో షెడ్యూల్ బయటి భాషలది వేరే విభాగం. అంటే ‘ప్రాంతీయం’ కింద ఇంకో వరుస ఉంది. ముంబై తమను చిన్నచూపు చూసిందని బాధపడే మన పరిశ్రమ ఆ వరుస వైపు చూడదు.

ఇప్పుడు అందరికీ ‘పాన్ ఇండియా’ మోజు. అందరి సినిమా కావాలంటే ఏం వదులుకోవాలో ‘సైరాట్’ను చూస్తే తెలుస్తుంది. 2016లో నాగరాజ్ మంజులే మరాఠీలో తీసిన ఆ సినిమాకు కులమే వెన్నెముక. 2018లో అదే కథ హిందీలో ‘ధడక్’ అయ్యేసరికి పరువు హత్య మిగిలింది, కారణం మసకబారింది.

మలయాళ సినిమాను మాలీవుడ్ అంటారు. ఆ భాషలో తొలి సినిమా ‘విగతకుమారన్’ కథానాయిక పి.కె. రోసీ దళిత మహిళ. నాయర్ స్త్రీగా నటించినందుకు ఆమెను తిరువనంతపురం నుంచి తరిమేశారు. పా. రంజిత్ స్థాపించిన నీలం కల్చరల్ సెంటర్ చెన్నైలో జరిపే చిత్రోత్సవానికి ఆమె పేరే పెట్టారు: పి.కె. రోసీ ఫిల్మ్ ఫెస్టివల్. కోలీవుడ్ అనే మాటకు పుట్టిల్లయిన కోడంబాక్కం ఉన్నదీ ఆ ఊళ్లోనే.