కోళ్ల షెడ్డులో చోటు, దాణాలో సారము

గ్రుడ్డును కోడిమాంసమును నేడు మన పట్టణవాసులకు నిత్యాహారములైనవి. వానిని సమకూర్చు ప్రాణి యెట్టిచోట నిలుచుచున్నదో, యేమి తినుచున్నదో విచారించువారు మాత్రము అరుదు. హైదరాబాదు నగరము తూర్పునకు ప్రాకి హయత్‌నగర్‌ను తనలో కలుపుకొన్నది. నేల ప్రియమైనకొలది ఉన్న షెడ్డులోనే కోళ్లను క్రిక్కిరియజేయు నాశయు హెచ్చును. ఈ యాశ లాభకరమా యని మేము ప్రశ్నించుచున్నాము.

తీగల పంజరములందు గ్రుడ్లకోడికి దక్కు చోటు సాధారణముగా 450 చదరపు సెంటీమీటర్ల ప్రాంతము. మనము వ్రాసికొను ఏ4 కాగితమైనను 620 చదరపు సెంటీమీటర్లకు మించియుండును! ఐరోపా సమాఖ్య యిట్టి వట్టి పంజరములను 2012 జనవరినుండి నిషేధించి, వసతులుగల పంజరములందు సైతము కోడికి 750 చదరపు సెంటీమీటర్లు విధించినది. మన లా కమిషనును 2017 జూలైలో తన 269వ నివేదికయందు ఈ విషయమును విచారించి నిబంధనల ముసాయిదాను సూచించినది.

చోటు తగ్గించినచో షెడ్డునకు వచ్చు మాంసపు తూకము పెరుగునుగదా యని కొందరందురు. కొంతమేర కది నిజమే. ఆ మేర దాటెనా, ఒక్కొక్క కోడి తూకము తగ్గును. తొట్టికడకు చేరలేని బలహీనపుకోళ్లు మరింత చిక్కిపోవును. కోడికి స్వేదగ్రంథులు లేవు. వగర్చియే వేడిని వెలిబుచ్చును. గాలియాడని గుంపులో, నలుబది డిగ్రీలు దాటు మన వేసవిలో, అది తిండి మానును. గ్రుడ్డు పెంకు పలుచనగును. తుదకు మూకుమ్మడిగ చచ్చును. చోటు మిగిల్చిన సొమ్ము ఒక్క మధ్యాహ్నమున పోవచ్చును.

ఆహారమును చోటును వేరువేరుగా నెంచరాదు. శరీరమునకు పట్టని మాంసకృత్తులు రెట్టద్వారా వెడలి అమోనియా వాయువగును. ఇరుకు షెడ్డులో పరచిన ఊక తడిసి ముద్దయై, ఆ వాయువు కండ్లను ఊపిరితిత్తులను చెరచును, పాదములు పుండ్లుపడును. కాల్షియము చాలని దాణా తిన్న పెట్ట తన యెముకలనుండియే పెంకునకు సున్నమిచ్చును. బూజుపట్టిన మొక్కజొన్నలోని అఫ్లాటాక్సిను కాలేయమును పాడుచేసి రోగమునకు త్రోవచూపును.

ఈ లోపముల నన్నిటిని మందులతో కప్పిపుచ్చుట మరింత అనర్థము. మనుష్యులకు కడపటి యాయుధముగా నిలిచిన కొలిస్టిన్ మందును ఆహారమునకై పెంచు జంతువులకు వాడరాదని ప్రభుత్వము 2019లో నిషేధించుట ఇందుకే.

రైతును మాత్రమే నిందింప మాకు మనసొప్పదు. ఒప్పందపు పెంపకములో పిల్లలును దాణాయు సంస్థవారివి, షెడ్డును శ్రమయు రైతువి, కూలి తూకమునుబట్టి. కావున చోటుకొలతయు, దాణా గుణమును ఒప్పందపత్రమునందే వ్రాయవలయును. దాణాను పరీక్షించు బాధ్యత ప్రభుత్వము వహింపవలయును. సాధనములు మనకడనే కలవు. మెట్టపంటలను పరిశోధించు కేంద్రసంస్థవారి క్షేత్రము హయత్‌నగర్‌లోనే యున్నది. మెట్టధాన్యములైన జొన్నసజ్జలు కొంతవరకు మొక్కజొన్నకు బదులుగ దాణాలో చెల్లును. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధనాసంస్థ పెరటి పెంపకమునకు తగిన వనరాజా జాతిని రూపొందించినది.

ఈ విద్య ప్రయోగశాలలు దాటి షెడ్డులకు చేరునట్లు అధికారులు యత్నింతురుగాక! కొనువారును ధరతోపాటు పెంపకపు రీతినిగూర్చియు అడుగుట మొదలిడిననాడు అమ్మువారు మారక తప్పదని మా విశ్వాసము.