స్కూలు – తీరిక

స్కూలు అను మాట తెలియని తెలుగువారు నేడు అరుదు. పల్లెలలో అది ‘ఇస్కూలు’ అయి బడి సరసనే కూర్చున్నది. అది ఇంగ్లీషువారి సొంత మాటయని పలువురు తలతురు. కాని అది వారికిని అరువు సొమ్మే. దాని పుట్టినిల్లు గ్రీసు దేశము.

ప్రాచీన గ్రీకు భాషలో ‘స్ఖోలే’ అనగా తీరిక. తీరిక వేళలలో విద్వాంసులు ఒకచోట చేరి ధర్మమును గూర్చియు, ప్రకృతిని గూర్చియు చర్చించుకొనెడివారు. క్రమముగా ఆ చర్చకును, పిదప అది జరుగు చోటునకును ఆ పేరే వచ్చినది. లాటిను భాషలో అది ‘స్కోలా’ అయినది. అటనుండి ఇంగ్లీషులో ప్రవేశించి వేయేండ్లు దాటినది. చేపల గుంపును గూడ ఇంగ్లీషులో స్కూలు అందురు. కాని ఆ మాట డచ్చి భాషనుండి వచ్చినది. రూపమొక్కటియే గాని వంశము వేరు.

తెలుగువారు పని లేకుండుటను తీరిక యందురు. గ్రీకులు తీరిక లేకుండుటను పని యనిరి. పనికి వారు పెట్టిన పేరు ‘అస్ఖోలియా’, అనగా తీరిక లేమి. తీరిక కొరకే మానవుడు పాటుపడుచున్నాడని అరిస్టాటిల్ అభిప్రాయము. తీరిక యనగా సోమరితనము కాదు. సోమరి కాలమును బీడు పెట్టును. తీరిక విలువ నెరిగినవాడు దానిని సాగుచేయును.

అయినను ఆ తీరిక అందరిదియు కాదు. ఏథెన్సు నగరమునకు వెండి నిచ్చిన గనులలో శ్రమించినవారు బానిసలు. ఇండ్లలో చాకిరి చేసినవారిలో పెక్కురు బానిసలే. స్త్రీలకు ఆ చర్చలలో చోటు మిక్కిలి అరుదు. అరిస్టాటిల్ అంతటివాడు సైతము బానిసత్వమును సమర్థించెను. కొందరి విద్య పెక్కుమంది చెమటపై నిలిచినది.

ఆ లోపమును దిద్దుటయే నేటి బడి చేయవలసిన పని. భారతదేశమున 2009లో చేసిన విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. 6 మొదలు 14 ఏండ్ల వరకు గల పిల్లలందరికిని అది ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా నొసగినది. ఇందు నిర్బంధము ప్రభుత్వమునకే గాని బిడ్డకు కాదు; చదువు చెప్పించుట ప్రభుత్వపు విధి యని దాని భావము. పత్తిచేలకు కూలికి పోవు బాలికకు, ఇటుక బట్టీలో మట్టి మోయు బాలునకు కొరవడినది తెలివి కాదు, తీరిక. దానిని వారికి కల్పించని సంఘము ఎన్ని భవనములు కట్టినను బడి పెట్టినట్లు కాదు.

బడిలో నున్నవారి తీరికను గూడ కాపాడవలెను. తెల్లవారినది మొదలు ప్రొద్దుపోవువరకు పాఠములు వల్లించు బాలునకు ప్రశ్నించుటకు వేళ ఎక్కడిది? ప్రశ్న లేని చోట చదువు కంఠమున నిలుచును గాని మనస్సున నాటుకొనదు. ఆలోచించుటకు కొంత వేళ మిగిల్చిననాడే స్కూలు తన పేరునకు తగినదగును.