ఆ ఎనిమిది వేల డాలర్లు ఏమయ్యాయి?

మా క్లయింట్ టీమ్‌లో ఒక పెద్దాయన ఉన్నారు. ఒహాయోలో ఉంటారు, అరవై దాటాయి. డిసెంబర్ మూడో వారం వచ్చేసరికి మా కాల్స్‌లో పని తగ్గి కబుర్లు పెరుగుతాయి. అలాంటి ఓ రోజు ఆయన, క్రిస్మస్ ముందు రాత్రి ఇంటిల్లిపాదీ కూర్చుని 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్' చూడటం తమ ఇంట్లో ఆనవాయితీ అని చెప్పారు. ముప్ఫైసార్ల పైనే చూశారట. చూస్తే మనసు హాయిగా ఉంటుందన్నారు. ఆ వారాంతం నేనూ చూశాను. హాయి మాట దేవుడెరుగు, సినిమా అయిపోయాక చాలాసేపు లేవలేకపోయాను. సోమవారం ఆయన్ని అడిగాను, "మరి పాటర్ నొక్కేసిన ఆ ఎనిమిది వేల డాలర్లు?" అని. ఆయన ఒక్క క్షణం ఆగి, "చివర్లో తిరిగి ఇచ్చేస్తాడు కదా?" అన్నారు.

ఇవ్వడు. సినిమా అయిపోయేదాకా ఆ డబ్బు పాటర్ దగ్గరే ఉంటుంది. అతన్ని ఎవరూ పట్టుకోరు, అనుమానించరు కూడా. నేరం చేసినవాడికి శిక్ష పడి తీరాలని హాలీవుడ్ నిబంధనలు పట్టుబట్టిన రోజుల్లో ఫ్రాంక్ కాప్రా ఆ ముసలి బ్యాంకరుని అలా వదిలేశాడు. ముప్ఫైసార్లు చూసిన మనిషికి ఈ సంగతి గుర్తులేదంటే తప్పు ఆయన జ్ఞాపకశక్తిది అనుకోను. పండగపూట చూసే పాత సినిమాలో మనకి గుచ్చుకునే ముక్కల్ని నాస్టాల్జియానే తీసి పక్కన పెట్టేస్తుంది. నా గొడవ దానితోనే.

అసలు ఇందులో కథేమిటి? జార్జ్ బెయిలీకి ఊరు దాటి ప్రపంచం చూడాలని, వంతెనలు కట్టాలని కోరిక. చిన్నప్పుడు మంచునీళ్ళలో పడ్డ తమ్ముణ్ణి కాపాడబోయి ఒక చెవి పోగొట్టుకుంటాడు. తండ్రి చనిపోతే ఆయన నడిపిన బిల్డింగ్ అండ్ లోన్ నెత్తిన పడుతుంది. ఊళ్ళోవాళ్ళు దాచుకున్న డబ్బుతో ఊళ్ళోవాళ్ళకే ఇళ్ళు కట్టుకోవడానికి అప్పిచ్చే చిన్న సంస్థ అది. అది లేకపోతే అందరూ పాటర్ కొంపల్లో అద్దెలు కడుతూ పడి ఉండాల్సిందే. క్రిస్మస్ ముందురోజు, బ్యాంకులో కట్టాల్సిన ఎనిమిది వేలని బాబాయి పొరపాటున ఒక పేపర్లో మడిచి పాటర్ చేతికే ఇచ్చేస్తాడు. పాటర్ గమనించి కూడా నోరు మెదపడు. జార్జ్ మీద అరెస్టు వారెంటు వస్తుంది. ఇంటికొచ్చి పిల్లల మీద అరుస్తాడు, తాను చేసుకున్న వంతెన బొమ్మని విరగ్గొడతాడు, ఫోన్లో టీచరుని తిడతాడు. బతికున్నదానికన్నా చస్తేనే విలువెక్కువ అని పాటర్ ఎగతాళిగా అన్న మాటని పట్టుకుని, ఇన్సూరెన్స్ పాలసీ జేబులో పెట్టుకుని వంతెన ఎక్కుతాడు.

దీన్ని మనం 'ఫీల్ గుడ్' అంటున్నాం. అప్పు తీర్చలేక చావడానికి వెళ్ళిన మనిషి కథని వేడి కోకో తాగుతూ చూస్తున్నాం.

1946 డిసెంబర్‌లో ఈ సినిమా వచ్చినప్పుడు ఇందులో ఎవరికీ నాస్టాల్జియా కనపడి ఉండదు. పెళ్ళిరోజున జార్జ్ ఎదుర్కొనే బ్యాంకు తొక్కిసలాట 1932 నాటిది. అంటే అప్పటి ప్రేక్షకులకి పద్నాలుగేళ్ళ కిందటి సంగతి. ఆ క్యూల్లో నిలబడ్డవాళ్ళు ఆ హాల్లోనే కూర్చుని ఉంటారు. ఆఫర్ లెటర్ చేతిలో పెట్టుకుని ఏడాదిపాటు జాయినింగ్ డేట్ కోసం ఎదురుచూసిన బ్యాచ్ నాది. 2008 గురించి ఎవరైనా సినిమా తీస్తే నాకు తీపి జ్ఞాపకాలేమీ రావు. జేమ్స్ స్టూవర్ట్ అయితే యుద్ధంలో బాంబర్ విమానాలు నడిపి తిరిగొచ్చాక చేసిన మొదటి సినిమా ఇది. బార్‌లో కూర్చుని దేవుణ్ణి వేడుకునే సీన్లో ఆ మొహం చూడండి, అందులో పండగ ఎక్కడుందో చెప్పండి.

మరి ఇది పండగ సినిమా ఎలా అయింది? విడుదలైనప్పుడు పెట్టుబడి కూడా సరిగ్గా రాలేదు. ఆస్కార్‌కి ఉత్తమ చిత్రంగా నామినేట్ అయినా అవార్డు 'ది బెస్ట్ ఇయర్స్ ఆఫ్ అవర్ లైవ్స్'కి పోయింది. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఇరవై ఎనిమిదేళ్ళకి కాపీరైట్ రెన్యూ చేయించాలి. 1974లో ఆ పని చేయాల్సినవాళ్ళు చేయలేదు. దాంతో టీవీ స్టేషన్లకి డిసెంబర్‌లో వేసుకోవడానికి దాదాపు ఉచితంగా ఒక సినిమా దొరికింది. వేశారు, మళ్ళీ వేశారు, రోజుకి రెండుసార్లు కూడా వేశారు. 1993లో మూలకథ హక్కుల్నీ సంగీతం హక్కుల్నీ పట్టుకుని దాన్ని మళ్ళీ అదుపులోకి తెచ్చుకునేసరికి ఒక తరం దాంతోనే పెరిగిపోయింది. ఈ రోజు అరవైల్లో ఉన్న పెద్దవాళ్ళు బెంగపడేది 1946 కోసం కాదు. తమ చిన్ననాటి హాలు, అందులో టీవీ, పక్కన అమ్మానాన్న, వాటి కోసం. ఆ బెంగని నేను తక్కువ చేయను. కానీ దానికీ ఈ సినిమాకీ సంబంధం ఒక ఆఫీసు పొరపాటు అంతే.

సినిమాని సీరియస్‌గా తీసుకున్నవాళ్ళు లేకపోలేదు. 1947లో ఎఫ్‌బీఐ రాసుకున్న ఒక మెమోలో, బ్యాంకరుని అంత దుర్మార్గుడిగా చూపించడం కమ్యూనిస్టులు వాడే ఎత్తుగడ అన్న అభియోగం ఉంది. కాప్రా కమ్యూనిస్టు ఏమీ కాదు, రాజకీయంగా సంప్రదాయవాదే. అయినా పోలీసులకి కనపడ్డ కోపం భక్తులకి కనపడలేదు చూశారా, అదీ విచిత్రం.

ఇక నా తరంవాళ్ళతో. "పాత చక్కెర పాకం, దేవదూత దిగొచ్చి అన్నీ సర్దేసే కథ" అని తీసిపారేస్తారు మీరు. చూడకుండానే అంటారు, లేదా చివరి పది నిమిషాల క్లిప్ చూసి అంటారు. దేవదూత క్లారెన్స్ ఒక్క డాలరు తేడు. ఊరంతా తిరిగి జార్జ్ కష్టంలో ఉన్నాడని చెప్పింది అతని భార్య మేరీ. జనం తెచ్చి బల్లమీద పోసిన డబ్బు ఎక్కడిది? తొక్కిసలాట రోజున జార్జ్ వాళ్ళకి లెక్క వివరిస్తాడు, మీ డబ్బు ఇక్కడ పెట్టెలో లేదు, మీ పక్కవాడి ఇంటి గోడల్లో ఉంది అన్న అర్థంలో. ఆ రోజు డబ్బు తీసుకోవడానికి తోసుకుంటూ వచ్చిన ఊరు చివర్లో ఇవ్వడానికి తోసుకుంటూ వస్తుంది. ఆ ఇళ్ళల్లోకి వెళ్ళిన డబ్బే తిరిగొస్తోంది. ఇది మహిమ కాదు, పద్దు. ఆ పద్దులో పాటర్ ఇవ్వాల్సిన ఎనిమిది వేలు మాత్రం వసూలు కాలేదు. దొంగ సొమ్ముని ఊరు చందాలతో పూడ్చుకుంది. నన్ను కుర్చీలో కూలేసింది ఈ లెక్కే.

లోపాలు లేవని కాదు. జార్జ్ పుట్టని లోకంలో మేరీకి పట్టే ఘోర దుర్గతి ఏమిటయ్యా అంటే, పెళ్ళి కాకుండా లైబ్రేరియన్‌గా మిగలడం! ఇంట్లో పనిచేసే నల్లజాతి మనిషి యానీ తాను దాచుకున్న డబ్బంతా తెచ్చిచ్చినా ఆమెకి దక్కేది ఒక జోకు. అయితే ఇవి కనపడాలన్నా ముందు సినిమాని సినిమాలా చూడాలి కదా. మురిపెంగా చూసేవాళ్ళకి మేరీకి జరిగిన అన్యాయం కనపడదు, పాటర్ దొంగతనమూ కనపడదు.

"ఏడాదికోసారి పెద్దవాళ్ళు సంతోషంగా చూసుకుంటే నీకేం నొప్పి?" అని అడగొచ్చు. నొప్పి ఉంది. ఎందుకంటే మనమూ ఇదే చేస్తాం. 1955లో వచ్చిన 'రోజులు మారాయి' భూమి కోసం రైతులు జమీందారుతో పడ్డ తగాదా మీద తీసిన సినిమా. మా ఇంట్లో దాని పేరెత్తితే ఏరువాక పాట, వహీదా రెహమాన్ డాన్సు. జమీందారు ఊసే రాదు. పాట గొప్పదే, నేనూ వింటాను. కానీ ఆ పాట కింద ఒక ఫిర్యాదు ఉంది, దాన్ని మనం డెబ్బై ఏళ్ళుగా హమ్ చేసుకుంటూ పక్కకి తోసేశాం.

అందుకే నా సలహా ఒకటే. ఈ సినిమాని డిసెంబర్‌లో చూడకండి. జూన్‌లోనో జులైలోనో, అకౌంట్లోంచి ఇంటి లోన్ ఈఎంఐ కట్ అయిన మెసేజ్ వచ్చిన రోజు రాత్రి చూడండి. అసలు షూటింగ్ కూడా మండే ఎండల్లోనే జరిగింది, ఆ మంచు మంటలార్పే నురగతో తయారుచేసింది. చివర్లో గంట మోగి అందరూ పాడుతుంటే మీకూ కళ్ళు చెమరుస్తాయి, నాకూ చెమర్చాయి. తుడుచుకుని ఆ గదిలో ఎవరెవరున్నారో ఒకసారి లెక్కపెట్టండి. పాటర్ ఉండడు. తన ఆఫీసులో తీరిగ్గా ఉంటాడు, ఎనిమిది వేలతో.